డ్రైవర్ పలకడం లేదు

మన్మథరావు బస్సు ఆ రోజు కూడా మూడో మలుపు దగ్గరే ఆగిపోయింది. మామూలుగా ఆగినా బాగుండేది. ముందు రోడ్డు బిగుసుకుపోయింది, తర్వాత చెట్లన్నీ చదరాలు చదరాలుగా ముక్కలయ్యాయి, లోపలినుంచి గిర్రుమని ఒకటే మోత వచ్చింది, ఆపైన తెర నల్లబడి పెట్టె మొత్తం ఆరిపోయింది. బస్సులో ఉన్న ముప్పైమంది ప్రయాణికులు ఏమయ్యారో ఆ కంప్యూటరుకే తెలియాలి.

"మళ్ళీ పోనాదేటండీ?" వంటగదిలోంచి జోగులమ్మ అడిగింది.

"పోనాది."

పదిరోజులుగా అదే ప్రశ్న, అదే జవాబు. ఆ విషయం మీద భార్యాభర్తలు కొత్తగా చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

ఈ మన్మథరావు ఇరవై తొమ్మిదేళ్ళు నిజం బస్సు తోలినవాడు. నర్సీపట్నం నుంచి చింతపల్లి ఘాట్ రోడ్డు మీద ఎర్రబస్సు నడిపి, ఒక్క కోడిపిల్లను కూడా తొక్కలేదని పేరు తెచ్చుకున్నాడు. కిందటేడు ఒక ఉదయం, డ్యూటీ మారి మాకవరపాలెం మీదుగా వెళ్తుండగా, ఎడమ చెయ్యీ ఎడమ కాలూ ఉన్నట్టుండి చచ్చుబడ్డాయి. తర్వాత జరిగింది ఆయనకు గుర్తులేదు. ఎవరో భుజం పట్టి కుదుపుతూ "డ్రైవర్ రెస్పాండ్ అవటం లేదు" అనడం ఒక్కటే చెవిలో మిగిలింది. ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక, బస్సులో ఎవరికీ ఏమీ కాలేదన్నారు. దేవుడి దయ అన్నారు. ఆయనా అదే అనుకున్నాడు. దేవుడు ఆపాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే తన చేతులు నలభైమందిని చంపి ఉండేవి. ఈ మాట భార్యతో కూడా అనలేదు. లోపలే పెట్టుకుని, లోపలే కుళ్ళిపోయాడు.

డిపో వాళ్ళు ఇంక బండి తోలడానికి వీల్లేదన్నారు. అందులో ఆయనకు ఆశ్చర్యం లేదు. తోలడం సంగతి అలా ఉంచితే, బస్సెక్కడమే మానేశాడు. వీధిలో హారన్ వినబడితే లేచి కిటికీ మూసేవాడు. చెయ్యి తిరిగి పనిచెయ్యడానికి పిండమని ఆసుపత్రిలో ఇచ్చిన రబ్బరు బంతి మంచం కింద దుమ్ముకొట్టుకుపోయింది. జోగులమ్మ పోరు పెడితే, "ఈ సెయ్యి బాగుపడి ఎవుల్ని ఉద్ధరించాలే" అనేవాడు.

అప్పుడొచ్చాడు జోగులమ్మ మేనల్లుడు ఉదయ్‌కుమార్, విశాఖపట్నం నుంచి. తను కొత్త కంప్యూటరు కొనుక్కున్నాడట. పాతదాన్నీ, దానికి తగిలించే స్టీరింగునూ, కాళ్ళకింద పెట్టే పెడళ్ళనూ కార్లో వేసుకొచ్చి ముందుగదిలో బిగించాడు. బస్సు తోలే ఆట ఒకటి ఎక్కించాడు.

"బంతి పిండకపోతే మానీండి మావయ్యా. ఇది తిప్పండి. ఇందులో గుద్దీసినా ఎవులికీ దెబ్బ తగల్దు."

ఎవరికీ దెబ్బ తగలదు అన్న మాటకే ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు.

కూర్చున్నాడే గానీ, ఆ ఆట ఆయన్ని పెట్టిన తిప్పలు ఘాట్ రోడ్డు కూడా పెట్టలేదు. హారన్ నొక్కితే వైపర్లు ఆడేవి. వైపర్లు ఆపబోతే బస్సు తలుపు తెరుచుకునేది. ఏ దేశపు రోడ్డో, బళ్ళన్నీ కుడివైపున పోయేవి. మొదటి వారమంతా ఎదురొచ్చిన ప్రతి లారీనీ నోరారా తిట్టి, చివరికి తప్పు తనదేనని తెలుసుకున్నాడు. ఉదయ్ పెట్టిన పాస్‌వర్డులో ఒక పెద్దక్షరం, ఒక చిన్నక్షరం, మధ్యలో ఒక కొక్కెం గుర్తు. అది కొట్టేసరికే ఆయనకు చెమటలు పట్టేవి. ఒక్కడే తోలుకునే బస్సుకు ఇంటర్నెట్ ఎందుకో ఆయనకు ఎంతకీ అర్థం కాలేదు. అది లేకపోతే మాత్రం ఆట తెరుచుకునేది కాదు. ఒకసారి నీలం తెర మీద చుక్కలు గిరగిర తిరుగుతూ, అప్‌డేట్ అవుతోంది, ఆపవద్దు అని ఇంగ్లీషులో వచ్చింది. కరెంటుకు ఇంగ్లీషు రాదు కాబట్టి సరిగ్గా నలభై శాతం దగ్గర పోయింది. దాంతో మూడు రోజుల ప్రయాణం లెక్కలోకి రాకుండా కొట్టుకుపోయింది.

తిట్టుకుంటూనే రోజూ కూర్చున్నాడు. అలా తిట్టుకోవడమే ఆయనకు మందయింది. మూడు నెలలు తిరిగేసరికి ఎడమచేత్తో టీ గ్లాసు ఎత్తుతున్నాడు. ఆ సంగతి ఆయన గమనించలేదు. గమనించిన జోగులమ్మ, దిష్టి తగులుతుందని నోరెత్తలేదు.

సరిగ్గా అప్పుడే పెట్టె ఇలా ఆరిపోవడం మొదలెట్టింది. ఉదయ్‌కు ఫోన్ చేశాడు. అతను చెప్పినట్టు బొమ్మల నాణ్యత తగ్గించాడు, ఆట తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ఫలితం లేదు. మరోసారి చేస్తే ఫోన్‌లో మాట తెగిపోతూ వినబడింది.

"డ్రైవర్ పాతబడిపోయుంటాది మావయ్యా... పాత డ్రైవర్‌తోటి నడవదు... మార్చీడమే."

మన్మథరావు ఫోన్ పెట్టేశాడు. మేనల్లుడు మంచివాడు, కావాలని అనడు, అయినా ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ కూర్చున్నాడు. మూడో మలుపు దగ్గర తెర ఒకసారి నల్లబడి, మళ్ళీ వెలిగి, కింద మూలన చిన్న పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. కళ్ళజోడు సర్దుకుని కూడబలుక్కుని చదివాడు. డ్రైవర్, స్టాప్‌డ్, రెస్పాండింగ్. మిగతాది చదవలేదు. లేచి, గోడకున్న ప్లగ్గు పీకేశాడు.

"ఉదయ్‌ని పిలిసి ఇది పట్టుకుపోమని సెప్పు. దీనికి కూడా తెలిసిపోనాది" అన్నాడు.

ఏం తెలిసిపోయిందో జోగులమ్మకు బోధపడలేదు. నాలుగు రోజులు చూసింది. ఆయన చెయ్యి మళ్ళీ ఒళ్ళో పడిపోయింది. టీ గ్లాసు మళ్ళీ కుడిచేతికి మారింది. అయిదో రోజు ఆదివారం. పొద్దున్నే తలదువ్వుకుని, వెనకవీధిలో కొత్తగా అద్దెకు దిగిన రోజారమణి ఇంటికి వెళ్ళింది. ఆమె కాలేజీలో కంప్యూటర్లు చెప్పే మేడమ్ అని పాలవాడు చెప్పాడు.

రోజారమణి పదింటికల్లా చిన్న సంచీతో వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. గుమ్మంలో నిలబడి మన్మథరావును ఒక్క క్షణం అలాగే చూసి, నమస్కారం పెట్టి లోపలికొచ్చింది. పెట్టె మీద కప్పిన లేసుగుడ్డ తీసింది. ముందున్న జాలీ మీద వేలు పెట్టి రాస్తే వేలు పచ్చగా అయింది.

"ఇదేంటండీ పిన్నిగారూ?"

"పసుపమ్మా. పైన కుంకం బొట్టు. శనివారం శనివారం పెడతాను."

రోజారమణి పెట్టెను గోడవైపు నుంచి ఇవతలికి తిప్పింది. అక్కడ, వేడిగాలి బయటికి పోవాల్సిన చోట, నల్లదారానికి గుచ్చిన నిమ్మకాయా ఏడు మిరపకాయలూ నిండుగా వేలాడుతున్నాయి. ఒక మిరపకాయ తొడిమ జాలీలోంచి లోపలికి దూరి, ఫ్యాను రెక్కకు అడ్డం పడి, కదలకుండా పట్టేసింది.

ముగ్గురూ కాసేపు దానివంక చూశారు.

"బస్సు కదండీ" అంది జోగులమ్మ, తప్పు చేసినదానిలా. "ఇన్నేళ్ళూ ఆ బస్సుకి కట్టేను. దీనికి కట్టకపోతే ఎలాగ? ఈయన సెయ్యి తిరుగుతున్నాదని ఎవులి కళ్ళు పడతాయోనని, ఈమధ్య కొంచెం పెద్దకాయ కట్టేను."

మన్మథరావుకు కోపం రావాలి. పదిరోజుల నరకం, నాలుగు రోజుల ఏడుపు, అన్నిటికీ మూలం ఒక మిరపకాయ. కానీ రాలేదు. ఇంట్లో వాళ్ళు తనకు పిల్లాడికిచ్చినట్టు ఆటబొమ్మ ఇచ్చి కూర్చోబెట్టారనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఈ మనిషి ఒక్క రోజు కూడా దాన్ని బొమ్మ అనుకోలేదు. తను డ్యూటీలోనే ఉన్నాడనుకుని వారం వారం దిష్టి తీసింది.

రోజారమణి తొడిమ లాగి, బ్రష్షుతో పసుపు దులిపి, ఫ్యానును వేలితో తిప్పి చూసింది.

"గాలాడక లోపల సలసల కాగిపోయిందండీ. అంతే. పాపం, తనను తాను కాపాడుకోడానికి ఆరిపోయింది. ఏమన్నా మెసేజ్ వచ్చిందా?"

"డ్రైవర్ పలకడం లేదని వచ్చినాదమ్మా. నా గురించే."

ఆమె నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగింది.

"మీ గురించి కాదండీ. తెరమీద బొమ్మ పడేలా చూసే చిన్న ప్రోగ్రాం ఒకటుంటుంది, దాన్నే డ్రైవర్ అంటారు. అదీగాక, మీరు సగమే చదివారు. పలకడం మానేసింది, మళ్ళీ కోలుకుంది అని ఉంటుంది అందులో."

"ఆరోజు నా గురించీ అలాగే అన్నారు తల్లీ. మాకవరపాలెం దగ్గర. డ్రైవర్ రెస్పాండ్ అవటం లేదని."

రోజారమణి బ్రష్షు పక్కన పెట్టింది.

"ఆ మాట అన్నది నేనేనండి. అంబులెన్సుకు ఫోన్ చేస్తూ అన్నాను. మీ వెనకసీట్లోనే కూర్చున్నాను ఆరోజు."

మన్మథరావు అడగడానికి భయపడే మాట ఒకటుంది. ఏడాదిగా ఉంది. ఇప్పుడు అడిగాడు.

"బస్సు దేనికి గుద్దుకుని ఆగినాదమ్మా?"

"దేనికీ గుద్దుకోలేదండీ. మీరు ఆపారు. ఎడమచెయ్యి జారిపోయింది, మీరు ఒక్క కుడిచేత్తోనే బస్సును పక్కకు తెచ్చారు. ఇండికేటర్ కూడా వేశారు. బ్రేకు తొక్కారు, ఇంజన్ గుంజుకుని ఆగిపోయింది. హ్యాండ్‌బ్రేకు వేసి, అప్పుడు స్టీరింగు మీదికి వాలిపోయారు. హ్యాండ్‌బ్రేకు మీదనుంచి మీ చెయ్యి విడదియ్యడానికి ఇద్దరు పట్టారండీ. మీరు పడిపోయి బస్సు ఆగడం కాదు, బస్సు ఆగాకే మీరు పడిపోయారు. మీకు తెలుసనే అనుకున్నాను. ఆసుపత్రికొస్తే లోపలికి పంపలేదు. ఇల్లు ఎక్కడో తెలీక ఊరుకున్నాను."

మన్మథరావు తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాడు. కన్నీళ్ళు వాటిమీదే పడ్డాయి. తుడుచుకోలేదు. ఆ చేతులకు ఏడాదిపాటు అన్యాయం చేశానని అనిపించింది. ఎదురుగా ఉన్న ఈ అమ్మాయికి, మిరపకాయలు కట్టిన ఆ మనిషికి, ఎవరికి ఎలా దణ్ణం పెట్టాలో తెలియలేదు.

"కూకోమ్మా. అన్నం తినెళ్ళాలి" అన్నాడు చివరికి. అంతకన్నా పెద్దమాట ఆయనకు దొరకలేదు.

బుధవారం పొద్దున్న ఆయన చొక్కా తొడుక్కుని, "బేగి తయారవ్వు. యలమంచిలి పోదాం. మీ అప్పయమ్మక్కని చూసి ఏడాదైపోనాది" అన్నాడు. ఎలా వెళ్తామని జోగులమ్మ అడగలేదు. అడిగితే మాట మార్చేస్తాడేమోనని చెప్పులేసుకుని ముందే వీధిలో నిలబడింది.

ఆర్టీసీ కాంప్లెక్సులో మన్మథరావు బస్సు మెట్టు మీద కాలుపెట్టాడు. కమ్మీని ఎడమచేత్తో పట్టుకుని ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చుని, దారంతా డ్రైవరు వీపునే చూశాడు. ముప్పై దాటని కుర్రాడు. మలుపుల దగ్గర తొందరపడలేదు. గేదెలడ్డం వస్తే హారన్ కొట్టకుండా ఆగాడు.

యలమంచిలిలో అందరూ వెనకతలుపు వైపు దిగుతుంటే, ఆయన మాత్రం ముందుకు నడిచాడు. డ్రైవరు సీటు దగ్గర ఆగి, చేతులు జోడించాడు.

"బాగా తోలేవు బాబూ. సల్లగుండు."

కుర్రాడు కంగారుపడి, చేతిలోని నీళ్ళసీసా ఒళ్ళో పెట్టుకుని, తనూ చేతులు జోడించాడు. ఆ మాట అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. మన్మథరావుకూ ఇరవై తొమ్మిదేళ్ళలో ఎవరూ చెప్పలేదు, మొన్న ఆదివారం దాకా.

కిందికి దిగాక జోగులమ్మ అడిగింది. "ఆ అబ్బాయి తెలిసినోడేటండీ?"

"తెలీదే. మనల్ని దింపేడు కదా."