పదకొండు పొదలు

ప్లంబరుకు పడవ లేదు, బావమరిదికి ఓపిక లేదు. ఈ రెండు లోట్లూ ఒకదానికొకటి సరిపోయి మూడేళ్ళు బాగానే నడిచింది.

ఊరికి నీళ్ళిచ్చే జలాశయం అడుగంతా నున్నటి బురద. కట్టిన రోజుల్లోనే చెట్లు కొట్టేసి, మొద్దులు పెకలించి చదును చేశారు. దాక్కునే చోటు లేక చారల చేపలు ఒకచోట నిలవవు. గాలానికి పడ్డాక చేతులు పీకేదాకా పెనుగులాడే చేప అది. దానికోసం ప్లంబరు ఎన్నో ఆదివారాలు ఒడ్డున కూర్చుని ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. ఒక ఏడు గట్టు మరమ్మతుకని నీరు తగ్గించినప్పుడు, బురదలో కూరుకున్న పాత ఇనుప కంచె చుట్టూ మాత్రం చేపపిల్లలు గుంపులుగా తిరగడం చూశాడు. ఆ సాయంత్రమే మేడమీద పని మొదలుపెట్టాడు.

బకెట్టులో సిమెంటు కలిపి పోసేవాడు. అది గట్టిపడేలోపు, వేడిచేసి వంచిన సన్నపాటి పైపులు ముప్పై దాకా అందులో గుచ్చేవాడు. నున్నటి ప్లాస్టిక్కుకు పాచి పట్టదని, ఒక్కొక్క పైపునూ గరుకు కాగితంతో రుద్దేవాడు. పాచి పడితే పురుగులొస్తాయి, పురుగులకోసం చిన్న చేపలు, వాటికోసం పెద్దవి. ఈ పైపుల బకెట్లకు పొదలని పేరు పెట్టుకున్నాడు.

"ఇంట్లో బకెట్లన్నీ నీళ్ళపాలు చేశారు కదండీ! ఇక స్నానానికి నేనూ అక్కడికే పోవాలి కాబోలు," అనేది భార్య. అంటూనే సిమెంటులోకి నీళ్ళు పోసేది.

ఆమె తమ్ముడు పడవ తెచ్చేవాడు. ఇద్దరూ పొదను అంచుదాకా జరిపి, ఒక్క తోపుతో నీళ్ళలోకి దించేవారు. పంపుహౌసు గొట్టం, దాని వెనక కరెంటు స్తంభం ఒకే వరసలోకి వచ్చిన చోట మొదటిది. అలా పదకొండు. గుర్తులన్నీ ఇద్దరి తలల్లోనే ఉండేవి. కాగితం మీద పెట్టలేదు, మూడోవాడికి చెప్పలేదు. రెండో ఏటికి చేపలు నిలిచాయి. రోజుకు ఒక్కటి ఇంటికి, మిగతావి మళ్ళీ నీళ్ళలోకి. ఆ నియమం ప్లంబరుది. బావమరిది గొణిగేవాడు గాని పాటించేవాడు.

తరువాత బావమరిది పనిచేసే కార్ఖానా మూతపడింది. ఆరు నెలలు ఖాళీగా ఉన్నాడు.

ఒక ఆదివారం "జ్వరం బావా, రాలేను" అన్నాడు. అదే రోజు పంపుహౌసులో వాల్వు కారుతోందని పిలిస్తే ప్లంబరు వెళ్ళాడు. చేతిలో రెంచీతో కిటికీలోంచి చూస్తే, నాలుగో పొద మీద బావమరిది పడవ ఆగి ఉంది. అందులో టోపీలు పెట్టుకున్న ముగ్గురు కొత్తవాళ్ళు. ఒకడు చేపను ఎత్తి పట్టుకుంటే ఇంకొకడు ఫొటో తీస్తున్నాడు. ఒక్కటీ తిరిగి నీళ్ళలోకి పోలేదు.

పడవ ఒడ్డుకు చేరి, టోపీలవాళ్ళు వెళ్ళిపోయేదాకా ఆగాడు.

"జ్వరం తగ్గిందా?"

బావమరిది తెడ్డు కింద పెట్టాడు. "చెబుదామనే అనుకున్నా బావా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఎండలు మొదలైనప్పటి నుంచి. మనిషికి ఇంతని ఇస్తున్నారు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా."

"ఆ పని నా పొదల మీదేనా చెయ్యాలి?"

"నీ పొదలేంటి? పడవ ఎవరిది? తెడ్డు వేసి వేసి నా భుజాలు పడిపోలేదా? నీళ్ళేమైనా మీ తాత తవ్వించాడా?" గొంతు పెరిగింది. "అయినా ఆ పైపులు ఎవరెవరి ఇళ్ళలో మిగిలినవో, వాళ్ళని అడిగే తెచ్చావో లేదో, నన్ను చెప్పమంటావా?"

నిజమే, ప్లంబరు అడిగి తేలేదు. మిగిలినవే కదా అనుకున్నాడు. ఆ మాట మరొకరి నోట వినేసరికి తల కొట్టేసినట్టయింది.

ఇంటికి వచ్చి భార్యతో ఒక్క ముక్క చెప్పలేదు. రెండు రోజులు అన్నం కెలికి వదిలేశాడు. మూడో రోజు పని మానేసి, అవతలి ఒడ్డున వలలు బాగుచేసే ముసలాయన దగ్గర పడవ అడిగి తీసుకున్నాడు. తాడుకు ఇనుప కొక్కెం కట్టి, గుర్తులు చూసుకుంటూ ఒక్కొక్క పొదనే పైకి లాగాడు. అరచేతులు చీరుకుపోయాయి. నాలుగేసి కాగానే ఒడ్డుకు తెచ్చి వ్యానులో పడేసి మళ్ళీ వెళ్ళాడు. కోపం చల్లారలేదు, లాగినకొద్దీ పెరిగింది.

తొమ్మిదోది పైకి వస్తుండగా చూశాడు. పైపుల సందుల నిండా పిల్లలు, గోరంత కూడా లేవు, వందలు. దాంతోపాటే ఒక పెద్ద చేప పైకి వస్తోంది. గాలం లేదు, ఎర లేదు. పిల్లలను కాసే మగచేప అది. పొదతోపాటు పడవ అంచుదాకా వచ్చి, చెక్కకు మూతి కొట్టుకుని చుట్టూ తిరిగింది.

అప్పుడైనా తాడు వదిలేయవచ్చు. వదలలేదు. పొద పడవలో పడింది. పాచిలో చిక్కుకున్న పిల్లలు పడవ చెక్కల మీద జలజలా రాలాయి. చేతులతో దోసిలి పట్టి నీళ్ళలో పోశాడు. కొన్ని కదిలాయి. చాలావరకు తేలాయి.

అయినా మిగిలిన రెండూ లాగాడు.

భార్య వ్యాను తలుపు తీసి, నాచు కంపుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అన్నీ చూసింది. తలుపు మూసి లోపలికి వెళ్ళింది.

పది రోజులకు బావమరిది ఇంటికొచ్చాడు. తల నూనె ముఖం చూసి ఎన్నాళ్ళైందో. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"బావా, ఎవడో మొత్తం పీకేశాడు. పదకొండూ లేవు. ఆ టోపీలవాళ్ళే అయ్యుంటారు, చోటు చూసుకున్నారుగా. తప్పు నాదే." కూర్చోమన్నా కూర్చోలేదు. "ఆ రోజు పైపుల మాట అనకూడదు. నోరు జారాను. మళ్ళీ కడదాం బావా. సిమెంటు నేను తెస్తా. ఇక ఎవర్నీ పడవ ఎక్కించను, అక్క మీద ఒట్టు. మెకానిక్ షెడ్డులో పని కూడా దొరికింది నాకు."

వంటగది తలుపు దగ్గర భార్య నిలబడి ఉంది. తమ్ముడి వైపు చూడడం లేదు, భర్త వైపే చూస్తోంది.

ఊరుకుంటే సరిపోయేది. సరే అంటే ఇంకా తేలిక.

"నేనే పీకాను," అన్నాడు ప్లంబరు.

బావమరిది అర్థంకానట్టు చూశాడు. తరువాత అక్కను చూశాడు. ఆమె తల దించుకుంది.

"ఈ రోజుల్లోనా? చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో?"

"ఆ."

"ఉన్నాయా, పిల్లలు?"

"తొమ్మిదో దాంట్లో."

"నేను పెద్దవాటిని పట్టించాను బావా," అన్నాడు బావమరిది నెమ్మదిగా. "నువ్వు..." మాట పూర్తి చెయ్యకుండానే చెప్పులు వేసుకున్నాడు. అక్క వెనకనుంచి పిలిచినా ఆగలేదు.

పొదలు పెరట్లో గోడవారన పడి ఉన్నాయి. సిమెంటుతో ఉన్నవి మాకొద్దని పాతసామాన్లవాడు వదిలేసి వెళ్ళాడు. అక్కాతమ్ముళ్ళు రోజూ ఫోనులో మాట్లాడుకుంటారు. ప్లంబరు గదిలోకి వస్తే ఆమె, "సరే, మళ్ళీ చేస్తా," అని పెట్టేస్తుంది.