అత్తగారికి వదులైన డ్రెస్సు

అత్తగారు నోరు తెరిచి ఫలానాది నాకు కావాలని అడగడం టైలరమ్మ తన పద్దెనిమిదేళ్ల కాపురంలో ఒక్కసారే విన్నది. ఆ అడిగిందైనా చీరా కాదు, నగా కాదు. ఈత డ్రెస్సు.

వినగానే టైలరమ్మ కాలు మిషను మీద ఆగిపోయింది. వెనక గదిలో తలుపు చెక్కకు చిత్రిక పడుతున్న మామగారి చేయీ ఆగింది. ఆయన వడ్రంగి. చిత్రిక మధ్యలో ఆపితే చెక్క మీద గాటు పడుతుందని దొరికిన వాళ్లందరికీ పాఠం చెప్పే మనిషి. ఆ రోజు ఆయన చెక్క మీదే గాటు పడింది.

అత్తగారిది విడ్డూరమైన కోరికేం కాదు. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఎనిమిదేళ్లు దుప్పట్లు ఉతికిన మనిషి. తడి సిమెంటు నేల మీద నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగిపోయాయి. ఎముకల డాక్టరేమో, నేల మీద కాదు, నీళ్లలో నడవండి అన్నాడు. ఆయన గది కిటికీలోంచి చూస్తే కింద ఈత కొలను. అందులో ఈవిడ ఈడు ఆడవాళ్లే పదిమంది, గుండెల లోతు నీళ్లలో కబుర్లు చెప్పుకుంటూ నడుస్తున్నారు. ఒకావిడైతే వెల్లకిలా తేలుతూ ఆకాశం చూస్తోంది. అత్తగారు ఆ కిటికీ దగ్గర ఎంతసేపు నిలబడిందంటే, డాక్టరు విసిగిపోయి తర్వాతి మనిషిని లోపలికి పిలిచేశాడు. ఇన్నేళ్లూ ఆవిడ చేతులు నీళ్లలోనే ఉన్నాయి గానీ, ఒళ్లు మాత్రం ఒక్కరోజూ నీళ్లలో లేదు.

కొత్త బ్యాచి మూడు వారాల్లో, శనివారం పొద్దున పదింటికి మొదలు. ఒంటిని పట్టి ఉండే ఈత డ్రెస్సు, రబ్బరు బూట్లు తప్పనిసరి. మొదటి రోజు రాకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు, మళ్లీ వచ్చే ఏడాదే.

అత్తాకోడళ్లు షాపులకు బయలుదేరారు. మొదటి షాపులో లేవన్నారు. రెండో షాపులో అమ్మే పిల్ల అత్తగారిని పైనుంచి కిందికి చూసి, "ఆంటీ, మీ సైజు వాళ్లు ఇవి వేసుకోరండీ," అని కిసుక్కున నవ్వింది. అత్తగారు ఇంటికి వచ్చి సంచీ కొక్కేనికి తగిలించి, "పోనీలే అమ్మాయ్, ఈ వయసులో నాకెందుకొచ్చిన ఈత," అంది.

టైలరమ్మకు ఒంటికి కారం రాసినట్టయింది. ఈ డ్రెస్సు గనక దొరక్కపోతే ఈవిడ ఇక జన్మలో ఏదీ అడగదని ఆమెకు తెలుసు. తనే కుట్టేద్దామంటే ఆ సాగే గుడ్డ ఊళ్లో ఎక్కడా లేదు. రెండు రోజులు చిరచిరలాడుతూ తిరిగాక, ఎలక్ట్రీషియన్ పని చేసే భర్త ఫోను తెచ్చి చూపించాడు.

"ఇదిగో, చైనా వాళ్ల దగ్గర ఎనిమిది ఎక్సెల్ దాకా ఉన్నాయి. పది పన్నెండు రోజుల్లో వస్తుందట. కొలతలు చెప్తే చాలు."

కొలతలా! ఆ మాట వింటే టైలరమ్మ నిద్రలోంచి కూడా లేచి కూర్చుంటుంది. ఆదివారం పొద్దున అత్తగారిని గది మధ్యలో నిలబెట్టి టేపు చుట్టింది. ఛాతీ నలభై నాలుగు అంగుళాలు. చూసింది నలభై నాలుగు, రాసింది నలభై ఆరు. ఇందులో మోసమేం లేదు. ఇరవై ఏళ్లుగా ప్రతి ఒంటికీ రెండంగుళాలు లూజు కలిపి రాయడం ఆ చేతికి ఊపిరి పీల్చినంత అలవాటు. టేపుకు వెనకవైపు సెంటీమీటర్లు ఉంటాయని ఆమె ఆ రోజే మొదటిసారి గమనించింది. చైనా పట్టికంతా సెంటీమీటర్లే. టేపు తిప్పి చూస్తే నలభై ఆరంగుళాలు నూట పదిహేడు. పట్టికలో అది ఐదు ఎక్సెల్ గడిలో పడింది.

పక్కనే బరువు గడి కూడా ఉంది. అత్తగారి బరువు డెబ్బై ఎనిమిది. భర్త వేలితో వెతుక్కుంటూ పోయి పగలబడి నవ్వాడు.

"అమ్మా, ఎస్ సైజుకే ఎనభై నుంచి తొంభై ఐదు అని ఉంది. చైనా లెక్కలో నువ్వు ఎస్ కూడా కాదే! పిల్లల సైజు చూడాలి నీకు."

"నే చెప్తూనే ఉన్నాను, ఇక్కడి వాళ్లకే కళ్లు సరిగ్గా లేవని," అంది అత్తగారు. ఆ పూట వంటింట్లో గిన్నెలు కూడా హుషారుగా మోగాయి.

టైలరమ్మకు మాత్రం ఈ లెక్క మింగుడు పడలేదు. ఒకే మనిషి ఛాతీ ప్రకారం ఐదు ఎక్సెల్, బరువు ప్రకారం చంటిపిల్ల ఎలా అవుతుంది? అమ్మేవాళ్లకే మెసేజ్ పెట్టింది. కాసేపటికి ఫోను దానంతట అదే తెలుగు చేసిన జవాబు వచ్చింది: "ప్రియమైన అందమా, నమస్కారం. మా బరువు గడి అర కిలోల లెక్కలో ఉన్నది. మీ తల్లి నూట యాభై ఆరు. సంతోషంగా ఈదండి."

"పొద్దున చంటిపిల్లనన్నారు," అంది అత్తగారు. "కాఫీ తాగేలోపు నూట యాభై ఆరయ్యాను."

నవ్వుతూనే అంది గానీ, కొంగు లాగి పొట్ట కప్పుకుంది. టైలరమ్మ ఆ కొంగు చూసింది. చూసి కూడా పట్టించుకోలేదు. అప్పటికే బూట్ల గొడవ మొదలైంది మరి.

బూట్ల పట్టికలో సైజులన్నీ రెండు వందల ముప్పై ఐదు, రెండు వందల నలభై, రెండు వందల నలభై ఐదు అని ఉన్నాయి. ఇవేం నంబర్లు, బస్సు నంబర్లా అని భర్త తల గోక్కుంటుంటే, మామగారు చెవి మీది పెన్సిల్ తీసి ముందుకొచ్చారు. భార్యను చెక్క ముక్క మీద నిలబెట్టి, మోకాళ్లు వంచి నేల మీద కూర్చుని, పాదం చుట్టూ గీత గీశారు. నలభై ఏళ్ల కాపురంలో ఆయన ఆవిడ పాదం ముట్టుకున్నది ఎన్నిసార్లో గానీ, అత్తగారు "చక్కిలిగింతలయ్యా, తొందరగా కానీ," అంటూ సిగ్గుపడింది. మడమ నుంచి బొటనవేలి కొస దాకా కొలిస్తే సరిగ్గా రెండు వందల నలభై ఐదు మిల్లీమీటర్లు.

"అదేరా నంబరు," అన్నారు మామగారు. "పాదం పొడుగే వాళ్ల సైజు. ఎంత నిజాయితీ గల మనుషులు! ఇక్కడ ఆరో నంబరు అంటారు. దేనికి ఆరు? ఎవడికి ఆరు?"

ఆయన లూజు కలపలేదు. తలుపు ఒక మిల్లీమీటరు పెరిగినా చట్రంలో పట్టదని తెలిసిన మనిషి. ఆర్డరు వెళ్లిపోయింది.

పది పన్నెండు రోజులన్న పార్సిలు పదిహేనో రోజుకీ రాలేదు. అత్తగారు ఆ ఊసే ఎత్తదు. వీధిలో బండి ఆగిన చప్పుడైతే మాత్రం ఏదో పనున్నట్టు గుమ్మంలోకి వచ్చి నిలబడేది. చివరికి క్లాసు రేపనగా, శుక్రవారం మధ్యాహ్నం వచ్చింది.

ముందు బూట్లు. తొడుక్కోగానే చేసి పెట్టినట్టు సరిపోయాయి. మామగారు మీసం మీద చేయి వేసుకున్నారు. తర్వాత ముదురు నీలం డ్రెస్సు పట్టుకుని అత్తగారు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. బయట ముగ్గురూ నిలబడ్డారు. ఎంతసేపటికీ చప్పుడు లేదు. కాసేపటికి లోపల్నుంచి ఎక్కిళ్లలాంటి శబ్దం వచ్చింది.

"అయిపోయింది," అంది టైలరమ్మ. "పట్టలేదు. ఏడుస్తున్నారు. నా చేతులు పడిపోను, కొలత ఎక్కడ తప్పానో!"

తలుపు తెరుచుకుంది. అత్తగారు నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. రెండు పక్కలా గుడ్డను గుప్పిళ్లతో పట్టుకుని ఇంతింత దూరం లాగి చూపించింది.

"అమ్మాయ్, వదులే! నాకు వదులు! ఇందులో ఇంకో మనిషి పడుతుంది, చూడవే!"

లాండ్రీ వాళ్లిచ్చిన యూనిఫాం మొదలుకుని ఆవిడ ఒంటి మీదికి వచ్చిన ప్రతి గుడ్డకూ పక్క కుట్లు విప్పాల్సిందే. విప్పేది టైలరమ్మే. విప్పేటప్పుడల్లా అత్తగారు ఏదో నేరం చేసినట్టు పక్కన నిలబడి, "మళ్లీ నీకు పని పెట్టాను," అనేది. అరవై రెండేళ్లకు మొదటిసారి ఒక బట్ట ఆవిడకంటే పెద్దదైంది. ఆ ఆనందం పట్టలేక గుప్పిళ్లు వదలకుండానే హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి చెక్కపొట్టు గదిలోకి తిరిగింది. మోకాళ్ల నొప్పి ఆ కాసేపూ ఎక్కడికి పోయిందో మరి.

టైలరమ్మ మెడ దగ్గరి లేబుల్ తిప్పి చూసింది. ఏడు ఎక్సెల్.

"ఏమండీ, నేను రాసింది ఐదు కదా?"

భర్త నీళ్లు నమిలాడు. "కొన్నవాళ్లంతా చైనా సైజు చిన్నదిగా వస్తుంది, ఒకటి పెంచుకోండి అని రాశారు. అందుకని పెంచా."

"అప్పుడు ఆరేగా అవ్వాలి?"

అందరూ మామగారి వైపు తిరిగారు. "నా వైపు చూస్తారేం? నాది బూట్ల శాఖ," అన్నారాయన.

"నేనే," అంది అత్తగారు. నవ్వు కాస్త తగ్గింది. "వాడు నొక్కబోతుంటే, ఇంకొకటి పెంచరా నాన్నా అన్నాను. ఆ నూట యాభై ఆరు విన్నాక భయం వేసిందే. చైనా దాకా వెళ్లి తెప్పించింది కూడా పట్టకపోతే మీ ముందు తలెత్తుకోలేను అనుకున్నా."

టైలరమ్మకు కొంగు లాగి పొట్ట కప్పుకున్న అత్తగారు గుర్తొచ్చింది. ముందే చూడాల్సింది అనుకుంది. "అత్తయ్యా, మొదటి తప్పు నాదే. మీది నలభై నాలుగే. రెండంగుళాలు నేనే కలిపాను," అని చెప్పేసింది. తిలా పాపం తలా పిడికెడు. నాలుగు ఎక్సెల్ కావాల్సిన మనిషికి ఇంటిల్లిపాదీ తలో సైజు ప్రేమగా పెంచి పెట్టారు.

"అంతా బానే ఉంది గానీ," అన్నారు మామగారు, "రేపు పదింటికి క్లాసు. ఈ గుడారంతో దిగితే లోపలికి నీళ్లు చేరి మనిషిని కిందికి లాగేస్తాయి."

అత్తగారి గుప్పిళ్లు వదులయ్యాయి. గుడ్డ రెండు పక్కలా జారి వేలాడింది.

"ఇలా తెండి," అంది టైలరమ్మ.

అంది గానీ, ఆ గుడ్డతో ఆమెకు పరిచయం లేదు. మిషను కింద పెడితే పామల్లే జారుతోంది. మొదటి కుట్టు లాగి చూస్తే పటపటా తెగింది. బనీన్లు కుట్టే సూది వెతికి పెట్టి, మిషను జిగ్‌జాగ్‌కు తిప్పి, పనికిరాని ముక్క మీద పదిసార్లు కుట్టి చూస్తే గానీ కుట్టు నిలవలేదు. పక్కలు నలభై నాలుగుకు పట్టి అత్తగారికి వేసింది. ఇంకా వదులే. గుడ్డ సాగుతుంది మరి. నీళ్లలో దిగితే ఇంకా సాగుతుంది. ఒంటిని పట్టి ఉండాలంటే నలభై ఒకటికి తేవాలి. ఒంటికంటే మూడంగుళాలు తక్కువ! ఇరవై ఏళ్లలో ఒంటికంటే తక్కువ కొలతకు కత్తెర పెట్టిన పాపాన పోలేదామె. సుద్దగీత గీసి, కత్తెర తెరిచి, అలాగే కూర్చుండిపోయింది.

"ఏమైందే?" అంది అత్తగారు.

"బిగుతైపోతే, అత్తయ్యా? మళ్లీ కలపడానికి గుడ్డ ఉండదు. రేపు ఎలా?"

అత్తగారు పక్కనే ఉన్న స్టూలు లాక్కుని కూర్చుంది. "నీ గీత మీద నాకు నమ్మకం ఉంది. కత్తిరించు. నా కోసం అందరూ పెంచి పెంచి చూశారుగా. ఒక్కసారి తగ్గించి చూడు," అంది.

కత్తెర కదిలింది. పొద్దు వాలేసరికి పని పూర్తయింది.

శనివారం పదింటికి కొలను గట్టు మీద పన్నెండు మంది ఆడవాళ్లు నిలబడ్డారు. టైలరమ్మ పక్కనున్న బల్ల మీద కూర్చుంది. సంచీలో సూదీ దారం, పిన్నీసులు, చిన్న కత్తెర సిద్ధం. కళ్లు అత్తగారి కుడి పక్క కుట్టు మీదే ఉన్నాయి. అక్కడే రెండుసార్లు దారం తెగింది.

"మీకెంత బాగా కుదిరిందండీ! ఎక్కడ తీసుకున్నారు?" అని పక్కావిడ అడిగింది.

"చైనా నుంచి వచ్చింది. నాకు బాగా వదులైతే మా కోడలు తగ్గించింది," అంది అత్తగారు. "తగ్గించింది" అన్న మాట అవతలి గట్టు దాకా వినపడేలా అంది.

నేర్పే అమ్మాయి విజిల్ ఊదింది. అత్తగారు కమ్మీ పట్టుకుని ఒక మెట్టు దిగి ఆగింది. రెండో మెట్టు దిగింది. నీళ్లు నడుము దాకా వచ్చాయి, తర్వాత గుండెల దాకా. కుట్టు నీళ్లలోకి మునిగింది. టైలరమ్మ సంచీలో చేయి పెట్టి పిన్నీసు పట్టుకుంది. కుట్టు నిలిచింది. అత్తగారు కమ్మీ వదిలి ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. ఠక్కున ఆగిపోయి కిందికి, నీళ్లలోకి తొంగి చూసుకుంది.

"ఏమైంది అత్తయ్యా? పట్టేస్తోందా?" అని టైలరమ్మ సంచీతో సహా లేచి గట్టు అంచుకు పరిగెత్తింది.

"మోకాళ్లే! నా మోకాళ్లు ఎక్కడున్నాయో తెలియట్లేదే అమ్మాయ్!" అని అరిచింది అత్తగారు. "అసలు నేను బరువే లేను!"

చేతులు రెండూ బార్లా చాపి, ముఖం పైకెత్తి, చిన్నపిల్లలా నీళ్లను ఎడాపెడా కొడుతూ కొలను మధ్యకు నడిచిపోయింది. నేర్పే అమ్మాయి, మెల్లగా, మెల్లగా అని విజిల్ ఊదుతున్నా వినిపించుకోలేదు. టైలరమ్మ గట్టు మీదే చతికిలబడి నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియకుండా చూస్తూ ఉండిపోయింది. గంట గడిచి అందరూ బయటికి వచ్చేదాకా ఆమె ఇక ఆ కుట్టు వైపు చూడనే లేదు.