కారణం గడి

...అయినా ఒక్క చెయ్యే కదా. కిటికీ అంచు మీద చెయ్యి ఆనించి కాస్త బరువు దాని మీద వేస్తే కాటా ముల్లు రెండు మూడు కిలోలు వెనక్కి జరుగుతుంది. అంతకు మించి ఏమవుతుంది? ఈ కిటుకు దయాకుమారికి కొత్తది కాదు. పాతికేళ్ల కింద నర్సింగ్ హాస్టల్లో నెలనెలా బరువులు తీసే రోజున ఆమె చేసిన పనే ఇది. ఊపిరి బిగబట్టి, ప్రార్థనలో ఉన్నట్టు కళ్లు మూసుకుని, వెనక బల్ల మీద చెయ్యి ఆనించేది. ఇప్పుడు కాటా ఆమెది, కిటికీ గోడౌన్ పక్కనున్న ఆమె క్లినిక్‌ది, చెయ్యి మాత్రం పెట్టెలెత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి నడిపే షావలిది.

పొద్దున ఆ చేతిని ఆమె చూసింది. చూసి ఊరుకుందామనే అనుకుంది. వెనక వరసలో ఉన్న నెల్లూరు హయాత్ బాషా ఊరుకోలేదు.

"సిస్టర్, ఆ కిటికీక్కూడా ఒక ఫారం నింపండి. సగం షావలి దాని మీదే ఉండాడు!"

వరసంతా నవ్వింది. తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ, పనివాళ్ల బసనూ మెస్సునూ చూసే క్యాంప్ బాస్ నవ్వాడు. దయాకుమారి కూడా నవ్వింది. ఆ నవ్వే పొద్దుటి నుంచీ ఆమెను వదలడం లేదు.

"చెయ్యి తీయండి భాయ్" అంది అప్పుడు. నూట నాలుగు కాస్తా నూట ఏడైంది. షావలి తలెత్తకుండా చెప్పులేసుకున్నాడు.

దుబాయ్‌లోని జెబెల్ అలీ గోడౌన్లలో పనిచేసేవాళ్ల తిండి గురించి ఒక కాలేజీ వాళ్లు సర్వే చేస్తున్నారు. కంపెనీ ఒప్పుకుంది, ఫారాలు నింపడం కంపెనీ నర్సు మీద పడింది. ఎన్ని పూటలు తింటారు, ఏం తింటారు, బరువెంత, నడుము కొలతెంత. చివర్లో 'అధిక బరువుకు కారణం' అని ఒక గడి. అందులో ఒక అంకె వేయాలి. ఒకటంటే అవగాహన లేదు. రెండంటే నిగ్రహం లేదు. మూడంటే సరైన తిండి అందడం లేదు. శిక్షణ ఇవ్వడానికి కాలేజీ నుంచి వచ్చిన రేచెల్, పీచులా సన్నగా ఉండే పిల్ల, అప్పుడే తేల్చేసింది: "మూడు అవసరం రాదులెండి అక్కా. మెస్ భోజనం ఉచితమే కదా."

కంపెనీ దానికి తన రూలు ఒకటి తగిలించింది. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడి ఫారంలో రెండు పడితే ఆర్నెల్లు బండి దిగాలి, హెల్పరుగా పెట్టెలు మొయ్యాలి. నోరు అదుపులో లేనివాడికి చెయ్యి మాత్రం అదుపులో ఉంటుందా అన్నాడట ముదీర్, అంటే కంపెనీ మేనేజరు.

లావుగా ఉన్న నలభై ఒక్కమందికీ దయాకుమారి రెండే వేసింది. షావలికి మరీ త్వరగా వేసింది. తనలాంటి ఒళ్లున్న మనిషి ఎదురైతే ఆమెకు జాలి కంటే ముందు భయం వస్తుంది, ఇద్దర్నీ ఒకే చూపుతో చూస్తారేమోనని. పెద్దాసుపత్రిలో పనిచేసినప్పుడు క్యాంటీన్లో అందరి ముందూ కీరదోస ముక్కలు తిని, గదికెళ్లి తలుపేసుకుని అన్నం తినేది. లావాటి రోగులకు పథ్యం చెప్పేటప్పుడు ఆమె గొంతు మిగతా నర్సులందరి కంటే కటువుగా ఉండేది. ఆ కటువుదనాన్ని డాక్టర్లు మెచ్చుకునేవారు. ఆ మెప్పు ఆమెకు చాలా కాలం ఉపయోగపడింది.

పన్నెండున్నరకు, ఎండ తగ్గేదాకా పని ఆపే విరామం మొదలైంది. తలుపు మీద ఎవరో వేలితో తట్టారు. షావలి. చేతిలో స్టీలు క్యారేజీ.

"సిస్టరమ్మా, నా కాయితంలో ఏం రాసినారు?"

ఆమె ఫారాల మీద చెయ్యి పెట్టింది. "అది చెప్పకూడదు భాయ్."

"నన్ను బండి దించుతారంట గదా. ఏడేండ్లుగా నడుపుతాండా. ఒక్క పెట్టె కింద పడేసినోణ్ణి కాదు."

"మూడు పూటలా మెస్ భోజనమే అని మీరే చెప్పారు. అది మాత్రమే తింటే ఇంత బరువు ఎలా వస్తుంది?"

షావలి వెనక్కి తిరిగి తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు.

"క్యాంప్ బాస్ అక్కడే నిలబడుకోనుండె. ఆయన ముందర మెస్ కూడు బాగలేదని ఎట్ల చెప్పేది? ఖలాస్, రేపట్నుంచి మా రూముకు పప్పులో నీళ్లే వచ్చేది. నేనొక్కణ్ణే కాదు, అందరం మూడు పూటలనే చెప్పినాం."

"మరి ఏం తింటున్నారు?"

అతను క్యారేజీ బల్ల మీద పెట్టి మూత తీశాడు. పుల్లటి వాసన గదంతా కమ్ముకుంది. అన్నం తీగలు సాగుతోంది. పప్పు మీద తెల్లటి నురగ.

"తెల్లారుజామున నాలుగుకు చేతిలో పెడతారు. బస్సులో గంట, గోడౌన్లో ఏడున్నర గంటలు. జులైలో ఏందైనా ఇట్లే అయితాది. పారబోసి బకాలాకు పోతాం. ఆ కొట్లో ఖుబ్బూస్ రొట్టె, చిప్సు, కూల్‌డ్రింకు. కూల్‌డ్రింకు పాసిపోదు గదా సిస్టరమ్మా!"

"పండ్లు ఉండవా?"

"ఎందుకుండవూ? జ్యూసు డబ్బా మీద బొమ్మలుంటాయి."

ఆమెకు నవ్వొచ్చింది. అతనూ నవ్వి, వెంటనే ఆపుకుని పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు.

"పోయినేడు ఊరికి పోతే మా చిన్నమ్మ దుబాయ్ బాగా పట్టింది రా నీకు అని ఒకటే సంబరం. పొద్దున వరసలో నవ్వుతాంటే ఆ మాటే గుర్తుకొచ్చె."

దయాకుమారి క్యారేజీని తన వైపు జరుపుకుంది. నేనూ నవ్వాను కదా అనబోయి ఆగింది. అతనికి తెలుసు. తెలిసే వచ్చాడు.

"ఈ క్యారేజీ ఇక్కడే ఉంచండి" అంది.

"వాసనొస్తాది."

"రానివ్వండి."

అతను వెళ్లాక ఫారం తీసింది. షేక్ షావలి, నూట ఏడు కిలోలు, మూడు పూటలా మెస్ భోజనం, కారణం రెండు. తన చేతిరాత ఎంత గుండ్రంగా ఉందో! అబద్ధం చెప్పాడని పొద్దునే అనిపించింది. తిండి దాచుకునేవాళ్ల అబద్ధమే అనుకుంది, తన అబద్ధం లాంటిదే. ఇతను దాచింది తిండి లేకపోవడాన్ని. ఎదుటివాడిలో తనను మాత్రమే చూసుకుని, చూసిందానికి శిక్ష వేసింది.

దిద్దడం కష్టమేమీ కాదు, ఒక గీత చాలు. కానీ కొట్టివేత ఉంటే పక్కన నర్సు పూర్తి సంతకం ఉండాలి, కింద వివరణ రాయాలి. ఆ ఫారం ముందు ముదీర్ బల్ల మీదికి వెళుతుంది. అక్కడ ఏమంటారో ఆమె చెవులకు ఇప్పుడే వినపడుతోంది. లావాటి నర్సు లావాటివాణ్ణి వెనకేసుకొచ్చింది, ఆశ్చర్యమేముంది? ఈ మాట పడకూడదనే కదా పాతికేళ్లు కీరదోస ముక్కలు తిన్నది. అననీ. అన్నంత మాత్రాన ఈ అన్నం పాసిపోకుండా ఉంటుందా?

క్యారేజీ మూత పెట్టలేదు. వాసన పీలుస్తూనే కలం తీసి, మిగతా నలభై కంటే ముందు ఇతని ఫారంలో రెండును అడ్డంగా కొట్టేసి మూడు వేసింది. కింద రాసింది: 'మధ్యాహ్న భోజనం తినడానికి ఎనిమిదిన్నర గంటల ముందు ఇస్తున్నారు. పన్నెండున్నరకు పాసిపోయి ఉంది. స్వయంగా చూశాను.'

ఎప్పుడూ రెండు పొట్టి అక్షరాలతో ముగించే సంతకాన్ని ఈసారి, గడి దాటి పోయినా సరే, ఇంటిపేరుతో సహా పూర్తిగా పెట్టింది.