సొంతవాళ్లు ముట్టుకుంటే

ఆ వీధిలో గోడ కావాలన్నా, తలుపు కావాలన్నా అందరూ కుట్లక్క షాపుకే వచ్చేవారు. వచ్చినవాళ్లు ముందు ఒక గాజు గొట్టంలో ఉమ్మాలి. ఆ ఉమ్ములోంచి మనిషి లోపలి పొడుగాటి పోగుని ఆవిడ బయటికి తీస్తుంది. అది ఎక్కడ మడత పడాలో, ఎక్కడ అతుక్కోవాలో నాలుగే నాలుగు అక్షరాలతో రాసి, పొట్టి పోగులు తయారుచేస్తుంది. వాటినే కుట్లంటారు. అన్నీ కలిపి, గోడ రావలసిన చోట వేడినీళ్ల తొట్టెలో పోసి మెల్లగా చల్లారనిస్తే, తెల్లారేసరికి గోడ తనంతట తానే మడతలు పడి లేచి నిలబడుతుంది. జనానికి పేచీ అంతా రంగు దగ్గరే.

ఇంతమందికి గోడలు కుట్టిపెట్టిన మనిషికి ఇంట్లో పలకరించే దిక్కు లేదు. ఉన్న ఒక్క అన్నయ్యా అదే ఇంట్లో, హాలుకి అవతలి గదిలో ఉంటాడు. రిటైరైన బస్సు డ్రైవరు. అమ్మ పోయిన రోజు "నాకు ముందే ఎందుకు ఫోన్ చేయలేదు" అని ఆయన, "చేస్తే ఎత్తావా" అని ఈవిడ. అంతే, ఏళ్లు గడిచిపోయాయి. ఇద్దరూ పంతానికి పుట్టినవాళ్లే.

అయినా ఆవిడకి ఆయన చప్పుళ్లున్నాయి. పొద్దున్నే దగ్గు, చెప్పుల ఈడ్పు, సాయంత్రం రేడియోలో వార్తలు. ఆ దగ్గు వినిపించాకే స్టవ్ వెలిగించేది. ఎప్పుడైనా ఆలస్యమైతే కావాలనే గిన్నె కింద పడేసేది. అవతల గొణుగుడు మొదలయ్యేది, ఈవిడ ప్రాణం కుదుటపడేది.

అలాంటిది, ఒక మధ్యాహ్నం అన్నయ్య షాపుకే వచ్చాడు. అందరిలాగే వరసలో నిలబడి, గొట్టంలో ఉమ్మి బల్లమీద పెట్టాడు.

"హాలు మధ్యలో గోడ కావాలండి," అన్నాడు. తోడబుట్టినదాన్ని పట్టుకుని అండీ అట! "చీమ చిటుక్కుమన్నా ఇవతలికి వినపడకూడదు."

"గోడని ముట్టుకునే సొంతవాళ్లెవరైనా ఉన్నారా?"

ప్రతివాళ్లనీ ఆవిడ అడిగే ప్రశ్నే అది. ఉంటే వాళ్లకోసం వేరే కుట్లు వేయాలి. లేకపోతే అదే రక్తం తగిలినచోట పోగు పట్టు వదిలేస్తుంది.

"ఎవరూ లేరు," అన్నాడు అన్నయ్య.

మరి నేనెవర్నని అడగబోయి, ఆవిడ గొట్టానికి మూత బిగించింది. లేరంటే లేరు! ఆ కుట్లు వేయకుండానే, చేతులకి తొడుగులు వేసుకుని గోడ నిలబెట్టింది. నేను ముట్టుకుంటే కదా, అనుకుంది.

గోడ బాగా వచ్చింది. మరీ బాగా వచ్చింది. పొద్దున దగ్గు లేదు. స్టవ్ ఎప్పుడు వెలిగించాలో తోచక అలాగే కూర్చుండిపోయింది. గిన్నె పడేసి చూసింది. ఆ చప్పుడు కాస్తా ఇవతలే ఉండిపోయింది. మనిషి లేచాడో లేదో, అసలు ఉన్నాడో లేదో తెలిసే దారే లేదు. వీధివైపు వెళ్లి తలుపు కొట్టడానికి మొహం చెల్లలేదు. అమ్మ పోయినప్పుడు కూడా ఆవిడ ఇంత ఒంటరిది కాలేదు.

వార్తల వేళకి ఇక ఉండబట్టలేక గోడకి అరచెయ్యి ఆనించింది. పోగులు గోరువెచ్చగా కదిలాయి. ఒక్కో కుట్టూ విడిపోయి, చెయ్యి మణికట్టుదాకా అవతలికి వెళ్లింది. రేడియో వినిపించి, టక్కున ఆగిపోయింది.

"ఎవరిదా చెయ్యి?"

"నాదే అన్నయ్యా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "గోడ సరిగ్గా కుట్టలేదన్నమాట."

"నువ్వు చెప్పినట్టే కుట్టాను. సొంతవాళ్లెవరూ లేరన్నావుగా."

ఈసారి ఇంకెవరి దగ్గరో గట్టిగోడ కుట్టించుకుంటాడేమోనని ఆవిడకి భయమేసింది.

"కావాలంటే రేపు బాగుచేస్తాను. ఇప్పటికైతే, నేను చెయ్యి తీయగానే మూసుకుపోతుందిలే," అంది.

అవతల కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. అది దగ్గరికొచ్చి, గోడ పక్కనే ఆగింది.

"అయితే తియ్యకు," అన్నాడు అన్నయ్య.