ఆ ఇద్దరి కథ మీద దానమ్మ మాట

సముద్రం ఒడ్డున చేపల గంప నిండాక దాన్ని నెత్తికెత్తుకోవడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఎంత కండ ఉన్న ఆడదైనా మోకాళ్ళ దాకా లేపుతుంది, అక్కడితో సరి, ఆపైన ఇంకో రెండు చేతులు పడాల్సిందే. ముందు ఒకరు ఎత్తుకుని, ఆ బరువు నెత్తిమీద ఉండగానే మోకాళ్ళు వంచి రెండోవాళ్ళ గంపకి చెయ్యి వెయ్యాలి. అది కొత్తవాళ్ళతో కుదరదు, ఏళ్ళ తరబడి అలవాటు పడాలి, అందుకే ఒడ్డునున్న ఆ జాలరి పేటలో గంప మోసే ప్రతి ఆడదానికీ ఒక జత ఉంటుంది. దానమ్మకి జత తాతమ్మ. ఇద్దరూ ఒకే ఏడు కాపరానికి వచ్చారు, ఆ ఏడే మొదలెట్టారు, ఇరవై రెండేళ్ళు ఒకరి గంప ఒకరు ఎత్తుకుంటూ బస్సు రోడ్డు దాకా నడిచారు, అక్కణ్ణుంచి నరసన్నపేట బజారుకి పోయారు, వచ్చారు.

రెండు నెలల కిందట వానకి నానిన కాలవగట్టు మీద తాతమ్మ జారి పడింది. తుంటి దగ్గర ఎముక విరిగింది. కట్టు కట్టిన ముసలాయన నెల్లాళ్ళలో లేస్తుందన్నాడు, నెల్లాళ్ళయ్యాక ఇంకో నెలన్నాడు, ఇప్పుడు అడిగితే గాలి ఎటు తిరిగిందో చూస్తున్నాడు. తాతమ్మ మొగుడు కూర్మయ్య వేటకి పోతూనే ఉన్నాడు, ఆ చేప ఎవరో ఒకరు అమ్మాలి కదా, అదీ దానమ్మే తన గంపలో వేసుకుంది. రెండిళ్ళ చేప, ఒక్క నెత్తి.

పేటలో ఒక కట్టుబాటు ఉంది. ఒకే మనిషి వరసగా మూడు రోజులు నీ గంప ఎత్తిందంటే ఇక ఆవిడే నీ జత, పాత జత తెగిపోయినట్టే. ఎవరూ పంచాయితీ పెట్టరు, ఎవరూ అడగరు, మూడో రోజు గంప నెత్తికెక్కగానే అందరికీ తెలిసిపోతుంది. తెగినవాళ్ళకి మళ్ళీ జత దొరకడం అంత తేలిక కాదు, అందరికీ ఎవరో ఒకరు ఉంటారుగా, జత లేని ఆడది బజారు మానుకుని ఇంటి దగ్గర ఎండుచేపకి ఉప్పు పట్టించుకోవలసిందే. అందుకని దానమ్మ ఈ రెండు నెలలూ రోజుకొకరి చేత గంప ఎత్తించుకుంది. నిన్న ఎత్తినవాళ్ళని ఇవాళ అడగదు. ఇవాళ లక్ష్మణమ్మ, రేపు ఎర్రన్న పెళ్ళాం, ఎల్లుండి ఇంకెవరో. వాళ్ళ పనయ్యే దాకా ఒడ్డున నిలబడి, బతిమాలి, అందరికన్నా ఆఖర్న బయల్దేరేది. దారిలో దించడానికి లేదు, దించితే ఎత్తే దిక్కు లేదు, అంచేత అంత దూరమూ ఒక్క బిగిని నడిచేది. రోడ్డు చేరేసరికి ఎండ నెత్తికెక్కేది, గంపలో నెత్తళ్ళ చేపలు మెత్తబడేవి, మెడ బిగుసుకుపోయి పక్కకి చూడాలంటే మొత్తం మనిషే తిరగాల్సి వచ్చేది.

ఇలా ఉండగా దాలమ్మ వచ్చి అడిగింది. దాలమ్మకి పాతికేళ్ళు, గట్టి మనిషి, తనకన్నా పెద్దవాళ్ళని అక్కా అనడానికి అప్పా అంటుంది. ఆమె జత మొగుడితోపాటు విశాఖపట్నం ఓడరేవు పనికి వెళ్ళిపోయింది. నాతో జత కట్టప్పా, తాతమ్మప్ప ఇంటి చేప నా గంపలో సగం వేసుకుంటానంది. ఆదివారం లోగా ఏదో ఒకటి చెప్పమంది, లేకపోతే పక్క పేటలో తన పెదనాన్న కూతురు పిలుస్తోందట. దానమ్మ అవుననలేదు, కాదనలేదు. తాతమ్మతో అయితే అసలు ఆ ఊసే ఎత్తలేదు. రోజూ సాయంత్రం వెళ్ళి పక్కన కూర్చునేది, కాలు ఎలా ఉందే అనేది, బాగానే ఉన్నాదే అని తాతమ్మ అనేది, అంతే.

నరసన్నపేటలో అమ్మకాలు అయిపోయాక బస్సుకి రెండు గంటల టైముంటుంది. బజారు చివర ఒక చిన్న లైబ్రరీ, దానికి వెడల్పాటి అరుగు, మధ్యాహ్నమంతా నీడ. చేపలమ్మే ఆడవాళ్ళు ఖాళీ గంపలు బోర్లించుకుని ఆ అరుగు మీద నడుం వాల్చేవారు. పాత లైబ్రేరియన్ వాసనొస్తోందని వాళ్ళని తరిమేవాడు. కొత్తగా వచ్చిన నారాయణమూర్తి అలాంటివాడు కాదు, మీరు లోపలికి రాకపోతే పుస్తకమే బయటికొస్తుందని గుమ్మంలో కుర్చీ వేసుకుని, రోజుకో అధ్యాయం పైకి చదవడం మొదలెట్టాడు. ఏదో పాతికేళ్ళ నాటి నవల, చదువుకున్నవాళ్ళంతా గొప్పదంటారట, దాని పేరు అరుగు మీద ఎవరికీ గుర్తుండేది కాదు, ఆ ఇద్దరి కథ అనేవారు.

సన్యాసి, పైడయ్య అని ఇద్దరు నేస్తాలు. కరువొచ్చి ఊరు ఖాళీ అయితే పని వెతుక్కుంటూ పెద్ద రోడ్డు పట్టుకుని ఉత్తరాదికి నడుస్తారు. ఒక గంజి ఇద్దరూ తాగుతారు, ఒక గోనె ఇద్దరూ కప్పుకుంటారు. దారిలో పైడయ్య కాలికి పుండు లేచి నడవలేకపోతాడు. సన్యాసి అతన్ని భుజాన వేసుకుని పదకొండు రోజులు మోస్తాడు. పన్నెండో రోజు ఒక తూము నీడన దించి, నీళ్ళు తెస్తానని వెళ్ళి, మరి తిరిగి రాడు. ఆ అధ్యాయం చదివిన రోజు దానమ్మ అందరికన్నా ముందు వెళ్ళి బస్సులో కూర్చుంది.

నవల అయిపోయాక శనివారం మధ్యాహ్నం పాఠకుల అభిప్రాయాల సభ అని నారాయణమూర్తి బోర్డు మీద రాశాడు. అభిప్రాయాలకి ఒక పెద్ద నోటుబుక్కు కుట్టించాడు. పాతికమంది దాకా వచ్చారు. రిటైరైన హెడ్మాస్టరు జగన్నాధం గారు లేచి, సన్యాసి పాత్ర మిత్రద్రోహానికి నిలువుటద్దం అన్నారు. బట్టల కొట్టు ఆయన, అలాంటివాణ్ణి ఆఖర్న పాము కరిచి చచ్చినట్టు రాస్తే బాగుండేదన్నాడు. కాలేజీలో చదివే పద్మకుమారి, రచయిత కరువుని బాగా రాశాడు గానీ స్నేహం మీద నమ్మకం పోయేలా చేశాడని, తనైతే ఆ తూము దగ్గర పుస్తకం మూసేసి రెండు రోజులు తెరవలేదని చెప్పింది. అందరి మాటా చివరికి ఒక్కటే, సన్యాసి దుర్మార్గుడు. నారాయణమూర్తి గబగబా రాసుకుంటున్నాడు. రాసి రాసి తలెత్తి, అరుగు మీద వాళ్ళు కూడా పాఠకులేనని, పదహారు రోజులు విన్నారని, వాళ్ళ అభిప్రాయం కూడా కావాలని అన్నాడు. ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వారు. లక్ష్మణమ్మ దానమ్మని ముందుకి తోసింది.

నాకేటి తెలుస్తాదని దానమ్మ రెండుసార్లు తప్పించుకుంది. ఆ రోజు కూడా దించకుండా నడిచొచ్చింది, చెవుల్లో ఇంకా హోరుగా ఉంది, కూర్చోవాలని తప్ప ఏమీ లేదు. అయినా మూడోసారి అడిగేసరికి నోరు తెరిచింది.

"పదకొండు రోజులు మోసినాడు గదా బాబూ ఆడు. పన్నెండో రోజు దించీసినాడని అందరూ ఆడి మీద పడతన్నారు. ఆ పదకొండు రోజుల ఊసు ఎవులూ ఎత్తనేదు."

హెడ్మాస్టరు గారు, మరి వదిలెయ్యడం తప్పు కాదా అమ్మా అని అడిగారు.

"తప్పో ఒప్పో మీరు సదువుకున్నోళ్ళు, మీకు తెలుస్తాది. నాను సెప్పేదేటంటే ఆడు సెడ్డోడు కాదు. ఆడికి అలుపొచ్చినాది. అలుపొచ్చినోడికి నేస్తం కనబడడు, బరువే కనబడతాది."

సభలో ఎవరో చప్పట్లు కొట్టారు. నారాయణమూర్తికి సంతోషం పట్టలేదు, ఆ మాటలు ఆమె అన్నవి అన్నట్టే రాసి, పైకి చదివి వినిపించి, సరిగ్గా ఉందా అని అడిగి, కింద వేలిముద్ర వేయించుకున్నాడు. ఈ తతంగమంతా అయ్యేసరికి బస్సు వెళ్ళిపోయింది. మిగతా ఆడవాళ్ళు అందులోనే వెళ్ళిపోయారు, దానమ్మ ఒక్కతీ తర్వాతి బస్సు దాకా ఉండిపోయింది.

బొటనవేలి మీద సిరా చీరకొంగుకి తుడుచుకుంటూ పేటకి వచ్చేసరికి ఇంకా పొద్దుంది. ఆమె కన్నా ఆమె మాట ముందు చేరింది. లక్ష్మణమ్మ బస్సు దిగింది మొదలు దారి పొడవునా చెప్పుకుంటూ వచ్చిందట, పెద్దమనుషులందరి మధ్యా దానమ్మ లేచి నిలబడి, కూలబడినవాళ్ళని వదిలేసి పోతే తప్పు లేదని చెప్పిందనీ, కాగితం మీద వేలిముద్ర కూడా వేసిందనీ. లక్ష్మణమ్మకి అందులో చెడు ఉద్దేశం లేదు, తన పేట మనిషికి చప్పట్లు కొట్టారని మురిసిపోయింది, అంతే. కానీ వేలిముద్ర అంటే ఆ పేటలో ఏదో తెగిపోయినప్పుడే వేస్తారు.

కూర్మయ్య గుమ్మం ముందు వల బాగుచేసుకుంటున్నాడు. దానమ్మ పలకరిస్తే తల ఎత్తలేదు. "నోపలికి ఎల్లు. నీ కోసమే సూస్తన్నాది," అన్నాడు.

తాతమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. దెబ్బ తగిలిన కాలు చాపుకుని, దాని కింద పాత చీర మడత పెట్టుకుంది.

"నన్ను నరసన్నపేటలో దించీసినావంట గదే," అంది.

అది నీ గురించి కాదే, కథలో మనిషి గురించి అన్నానని దానమ్మ ఏదో చెప్పబోయింది. తాతమ్మ విననట్టే ఊరుకుని, అయితే ఆ కథేదో చెప్పమంది. ఇప్పుడా అంటే ఇప్పుడే అంది. మొదటినుంచీ చెప్పమంది.

దానమ్మ కింద కూలబడి చెప్పింది. పదహారు రోజుల కథ ఒక్క సాయంత్రంలో చెప్పాలంటే మాటలా, గొంతు ఎండిపోయింది, మధ్యలో పేర్లు మర్చిపోయింది, గంజి దగ్గర చెప్పాల్సింది గోనె దగ్గర చెప్పింది. తాతమ్మ దేనికీ అడ్డు రాలేదు, ఒక్కచోట మాత్రం పుండు ఏ కాలికని అడిగింది. తెలీదంది దానమ్మ. కాలు ఏదో రాయకుండా ఏటి రాసినాడని తాతమ్మ గొణిగింది. తూము దగ్గరికొచ్చేసరికి దానమ్మ గొంతు దానంతట అదే తగ్గిపోయింది.

"మరి ఆ పైడయ్యని ఎవులైనా అడిగినారేటి?" అంది తాతమ్మ.

"ఏటని?"

"పదకొండు రోజులు ఇంకొకడి బుజం మీద ఎక్కి కూకున్నాడు గదా. ఆ కాలు ఇంక నడవదని ఆడికి తెలవదేటి? ఎవులి కాలు ఆళ్ళకి తెలస్తాది. మూడో రోజునే దించీరా, నువ్వు ఎల్లిపోరా అనాల. అన్నేదు. నోరు మూసుకుని మోయించుకున్నాడు. మరి దొంగ ఎవుడే ఆలిద్దర్లో?"

దానమ్మ తలెత్తి చూసింది. తాతమ్మ కళ్ళు కాలి మీదే ఉన్నాయి.

"నీకు తెలుసేటే?" అంది దానమ్మ, మెల్లిగా.

"నెల కిందటే తెలుసు. ఇది గంప కింద నిలబడే కాలు కాదు."

"మరి సెప్పవేటి. నెల్లాళ్ళు రోజుకొకర్ని బతిమాలుకున్నాను గదే."

"సెప్తే నువ్వు ఎల్లిపోతావు గదా."

దానమ్మకి కోపం రావాలి, వచ్చిందేమోనని చూసుకుంది, రాలేదు, దానికీ ఓపిక కావాలి కదా. ఏదో ఒకటి అనాలి కాబట్టి, నువ్వు చెప్పింది చాలా బాగుంది, ఆ లైబ్రరీ బాబుకి చెప్తే రాసుకుంటాడంది.

"నీకు సెప్పినాను గానీ పుస్తకానికి సెప్పనేదు," అంది తాతమ్మ. మళ్ళీ తనే, "దాలమ్మ మంచి గుంటే. రేపు ఆదివారం గదా, ఎల్లి సెప్పు."

దానమ్మ ఉలిక్కిపడింది. ఈ సంగతి ఎవరు చెప్పారని అడిగింది.

"ఎవులు సెప్పాల? ఈ వారంలో ఆ గుంట రెండుసార్లు వచ్చి నా కాలు సూసి ఎల్లినాది. నా కాలు సూడ్డానికి దానికంత పనేటి?"

ఇద్దరికీ నవ్వొచ్చింది, సగంలోనే ఆగిపోయింది. దానమ్మ చెయ్యి చాపి ఆ కాలి కింద మడత సరిచేసింది. సరిచెయ్యాల్సినంత ఏమీ జారలేదు. తాతమ్మ మొహం గోడవైపు తిప్పుకుని, వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వేసి వెళ్ళమంది, వెలుతురు కళ్ళలో పడుతోందంది. బయట వెలుతురు పోతూ ఉంది. దానమ్మ తలుపు దగ్గరగా వేసింది.

రెండు నెలలుగా ఈ మాట కోసమే కదా చూసింది. వస్తే ఒళ్ళు తేలికైపోతుందనుకుంది. తేలిక కాలేదు సరికదా, కూర్మయ్య వలని దాటి, ఎండుచేపల పందిరి దాటి, దాలమ్మ ఇంటికి ఆ నాలుగిళ్ళ దూరం నడవడానికి మధ్యలో ఒకచోట ఆగి నిలబడాల్సి వచ్చింది.

దాలమ్మ పెరట్లో కవ్వళ్ళ చేపలకి ఉప్పు పట్టిస్తోంది. దానమ్మని చూడగానే చేతులు దులుపుకుని లేచింది, మొహం చూసి సంగతి తెలుసుకుంది.

"తాతమ్మప్ప ఒప్పుకున్నాదా?"

"ఒప్పుకున్నాది."

"ఏటన్నాది అప్పా?"

చెప్పొచ్చు, కానీ అది చెప్పాలంటే పైడయ్య సంగతి చెప్పాలి, కాలు సంగతి చెప్పాలి, నెల కిందటి సంగతి చెప్పాలి. దానమ్మ దాలమ్మ చేతుల వైపు చూసింది, ఉప్పు అంటుకుని తెల్లగా ఉన్నాయి, బలమైన చేతులు.

"ఏటీ అన్నేదు. పొద్దున్నే రా, ఎండెక్కకముందే బయల్దేరాల," అంది, అని ఇంటివైపు నడిచింది.