తుఫాను షెల్టర్లో వీరదుర్గ పెళ్ళి

పాలకాయతిప్ప పక్క పల్లెలో పోతయ్య తన కూతురు వీరదుర్గ పెళ్ళికి సోమవారమే పందిరి వేయించాడు. గురువారం పొద్దున పదింటికి ముహూర్తం. ఆ సోమవారమే సముద్రంలో వాయుగుండం పడిందని కబురొచ్చింది. విశాఖలో వాతావరణశాస్త్రం చదువుతున్న అతని మేనకోడలు భార్గవి పెళ్ళికని ముందే వచ్చి ఉంది. అప్పట్నుంచీ ఫోన్లో ఉపగ్రహ చిత్రాలు చూస్తూనే ఉంది.

మంగళవారం మధ్యాహ్నం వచ్చిన చిత్రాన్ని ఆమె పెద్దది చేసి చూసింది. చెల్లాచెదురుగా ఉన్న మబ్బులన్నీ గుండ్రంగా బిగుసుకున్నాయి. నడుమ నల్లటి చుక్కలా తుఫాను కన్ను తెరుచుకుంది.

"మావయ్యా, షెల్టరుకి వెళ్ళిపోదాం."

"ఎండ కాస్తుంటే తుఫానేంటే? పందిరొదిలి నేను రాను."

భార్గవి ఫోను చూపించింది. "ఈ కన్ను చిన్నదయ్యేకొద్దీ దాని చుట్టూ గాలి జోరు పెరుగుతుంది."

పోతయ్య చాలాసేపు చూశాడు. "ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర సుడుంటది. నడిమికి పోయేకొద్దీ పడవని గిరగిరా తిప్పుద్ది. అట్టాగా?"

"అచ్చం అట్టాగే!"

అతను గభాల్న లేచాడు. "పెళ్ళి మాత్రం ఆపను."

"ఆపమన్నదెవరయ్యా? అక్కడే చేద్దాం," అంది భార్య నాంచారమ్మ, అప్పుడే గుండిగలు సర్దుతూ.

బుధవారం ఉదయానికి పెళ్ళికొడుకు సాయిబాబు, పంతులుగారు, మూడు పల్లెల జనం షెల్టరుకి చేరారు. మధ్యాహ్నం భార్గవి ఫోన్లో తుఫాను కన్ను చుట్టూ, కాస్త ఎడంగా, మరో మబ్బు వలయం కనిపించింది. అది లోపలి వలయానికి తేమ అందనివ్వలేదు. సాయంత్రానికి లోపలిది చెదిరి, కన్ను మసకబారింది.

"చచ్చిందా?" అన్నాడు పోతయ్య ఆశగా.

"లేదు. నడిమి జోరు తగ్గింది, గాలి వెడల్పుగా పరుచుకుంది. మళ్ళీ బిగుసుకునేలోపే ఒడ్డెక్కితే మన అదృష్టం. ఎవరూ బయటికెళ్ళొద్దు."

తెల్లవారేసరికి, మళ్ళీ బిగుసుకోకముందే, అది ఒడ్డెక్కింది. పందిరి ఎగిరిపోయింది, కొబ్బరిచెట్లు కొన్ని కూలాయి. మనుషులందరూ క్షేమం. పదింటికి గాలి నెమ్మదించింది. మేళం రాలేకపోతే ఆడవాళ్ళే పళ్ళేలు వాయించారు. తాళి కట్టగానే షెల్టరంతా ఈలలతో హోరెత్తింది. పిలిచింది నూటయాభై మందిని, భోంచేసింది నాలుగొందల మంది. నాంచారమ్మ మళ్ళీ ఎసరు పెట్టింది. భార్గవి పప్పు గిన్నె పట్టుకుని బంతులు తిరుగుతుంటే పెళ్ళికూతురు చెయ్యి పట్టి లాగింది.

"చాల్లే వడ్డన. దా, నా పక్కన కూర్చుని తిను!"