ఆరని గోడ

సువార్త గీసిన మనుషులకి చెమట పడుతుంది. అనకాపల్లి మెయిన్ రోడ్డులో టైలరూ, సైకిల్ మెకానిక్కూ పొద్దున్నే షట్టరెత్తి, ముందు ఊడ్చి, ఆవిడ తమ బోర్డు మీద వేసిన మనిషి మొహం ఓసారి గుడ్డతో తుడిచి పనిలో పడతారు.

2006 వేసవిలో సన్యాసిరావు తన కొత్త కల్యాణ మండపం గోడ మీద వాళ్ల తాత బొమ్మ వేయమన్నాడు. తాత తెల్లదొరల కాలంలో మేస్త్రీ. చుట్టుపక్కల కూలీల్ని ఓడెక్కించి రంగూన్ బియ్యం మిల్లులకి పంపినవాడు.

"జనం నవ్వుతా ఓడెక్కాల. మా తాత ఎంతమందికి కూడెట్టేడో తెలవాల," అన్నాడు.

సువార్త ముత్తాత ఎలియాజరు కూడా ఆ మేస్త్రీ పంపిన నలభై మందిలో ఒకడు. తిరిగి రాలేదు. అక్కడే ఇంకో పెళ్లి చేసుకున్నాడని మేస్త్రీయే వచ్చి ఎలియాజరు ఇంట్లో చెప్పాడు. అప్పటి మూడేళ్ల కూతురు బుల్లమ్మ, సువార్త మామ్మ, ఎనభై మూడేళ్లొచ్చినా తండ్రి మాటెత్తితే ఉమ్మేది. ఆ మామ్మ మొహం చూసే సువార్త ముత్తాతని గీసింది. నలభై మందినీ గీసింది. ఎవరికీ నవ్వు పెట్టలేదు.

మర్నాటికి నలభై మందికీ చెమట ధారకట్టింది. మేస్త్రీ ఒంటి మీద చుక్క లేదు.

"మా తాతకి లేదేటే? ఎగతాళా?" సన్యాసిరావు మీదికొచ్చాడు.

"సెమట నేనెట్టీది కాదండి. కట్టపడినోళ్లకే పడతాది."

"కూలోళ్ల మనవరాలివి. బుద్ధెక్కడికి పోద్ది!"

రెండుసార్లు సున్నం కొట్టించాడు. మేస్త్రీ సున్నం కిందే ఉండిపోయాడు, నలభై మందీ బయటికొచ్చారు. ఉప్పునీరు మండపంలోకి పారింది. పదిరోజుల్లో అక్కడే అతని కూతురి పెళ్లి.

సువార్త వచ్చి, ముత్తాత బొమ్మ కింద 'ఎలియాజరు' అని రాసింది. ఆ ఒక్కడూ ఆరాడు.

"మిగతా పేర్లు మీ ఇంట్లోనే ఉన్నాయండి. ఏలిముద్రలేయించుకున్న కాయితాల్లో."

సన్యాసిరావు కట్ట తెచ్చి ఆమె కాళ్ల దగ్గర విసిరాడు. "రాసి తగలడు!"

ఎలియాజరు కాగితం మీద ఇలా ఉంది: 'రంగూను చేరిన ఇరువదవ దినమున బస్తాలు మీదపడి చనిపోయెను. ఇంటికి తెలుపవలదు.'

సాయంత్రం సువార్త అది బుల్లమ్మకి చదివి వినిపించింది.

"ఇరవై రోజులేనేటే? మాయమ్మ సచ్చీదాకా తిట్టిందే ఆయన్ని."

పెళ్లినాటికి నలభై పేర్లూ రాయడమైంది, గోడ పూర్తిగా ఆరింది. పిలవని పెళ్లికి బుల్లమ్మ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. "ఎవలు రానిచ్చేరు దీన్ని?" అని సన్యాసిరావు అరిచాడు. ఎవరూ కదల్లేదు. ఆమె చుట్టాల మధ్యనుంచి నడిచి, గోడ మీది పాతికేళ్ల తండ్రి చెంప మీద చెయ్యేసి, బుద్ధెరిగాక మొదటిసారి, "నాన్నా" అంది.